పొరుగు రూటర్ మాటే ప్రమాణం: ఇంటర్నెట్ మార్గాలను నిర్ణయించే బీజీపీ

2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్ ప్రపంచంలోని అనేక దేశాల్లో దాదాపు రెండు గంటల పాటు అందుబాటులో లేకుండా పోయింది. ఆ సంస్థ సర్వర్లు పాడైపోలేదు, ఎవరూ సైబర్ దాడికి పాల్పడలేదు. అభ్యంతరకరమైన వీడియో ఉందన్న కారణంతో యూట్యూబ్‌ను తమ దేశంలో నిలిపివేయాలని పాకిస్థాన్ టెలికమ్యూనికేషన్ నియంత్రణ సంస్థ ఆదేశించింది. దానిని అమలు చేసే క్రమంలో పాకిస్థాన్ టెలికాం తన రూటర్లలో చేసిన ఒక మార్పు దేశ సరిహద్దు దాటి బయటకు పొక్కింది. యూట్యూబ్‌కు వెళ్లే దారి తమ వద్దే ఉందని ఆ రూటర్లు ప్రకటించాయి. ఆ ప్రకటనను పొరుగు నెట్‌వర్క్ నమ్మింది, దాని మాటను మరికొన్ని నెట్‌వర్క్‌లు నమ్మాయి. కొద్ది నిమిషాల్లోనే వివిధ ఖండాల నుంచి యూట్యూబ్‌కు బయలుదేరిన డేటా పాకిస్థాన్ దిశగా మళ్లి అక్కడే అంతరించింది.

ఇంత సులభంగా ప్రపంచాన్ని నమ్మించగలిగిన ఆ యంత్రాంగం పేరు బోర్డర్ గేట్‌వే ప్రోటోకాల్. వాడుకలో బీజీపీ. రూపం కొంత మారినా నేటికీ ఇంటర్నెట్ మార్గాలను నిర్ణయిస్తున్నది అదే. బ్యాంకు, విశ్వవిద్యాలయం, ప్రభుత్వ విభాగం, కేబుల్ ఇంటర్నెట్ సంస్థ, ఇలా సొంత ఐపీ చిరునామాలు గల ప్రతి సంస్థ నెట్‌వర్క్ నిర్వాహకుడూ ఏదో ఒకనాడు దానితో తలపడవలసిందే.

స్వతంత్ర వ్యవస్థలు

ఇంటర్నెట్ ఒకే నెట్‌వర్క్ అనిపించినా, నిజానికి వేర్వేరు యాజమాన్యాల కింద నడిచే వేలాది నెట్‌వర్క్‌ల కలయిక. ఒకే మార్గ విధానం కింద నడిచే నెట్‌వర్క్‌ను స్వతంత్ర వ్యవస్థ అంటారు. ఇలాంటి ప్రతి వ్యవస్థకూ ఒక సంఖ్య ఉంటుంది; దానినే ఏఎస్ నంబరు అని పిలుస్తారు. పాకిస్థాన్ టెలికాం నంబరు ఏఎస్ 17557. మొదట్లో ఈ సంఖ్యలకు 16 బిట్లే కేటాయించడంతో మొత్తం 65,536 మాత్రమే సాధ్యమయ్యేవి. అవి చాలవని గ్రహించి 2007లో 32 బిట్ల విధానాన్ని ప్రమాణీకరించారు. ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి వీటిని కేటాయించే సంస్థ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంగా పనిచేసే ఏపీనిక్. మన దేశంలో ఈ బాధ్యతను నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, అంటే నిక్సీ, తన ఐఆర్‌ఐఎన్‌ఎన్ విభాగం ద్వారా నిర్వహిస్తోంది. దేశీయ డేటా విదేశాలు చుట్టి రాకుండా ఇక్కడే చేతులు మారాలన్న ఉద్దేశంతో 2003లో ఏర్పడిన నిక్సీకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది.

ఒక స్వతంత్ర వ్యవస్థ లోపల దారులు వెతకడానికి ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్ వంటి ప్రోటోకాల్‌లను వాడతారు. వాటిలో ప్రతి రూటర్ వద్దా తన పరిధిలోని నెట్‌వర్క్ పూర్తి పటం ఉంటుంది. ఏ లింకు ఎక్కడ ఉందో, దాని ఖర్చు ఎంతో తెలుసుకుని, అతి తక్కువ ఖర్చయ్యే దారిని రూటర్ స్వయంగా లెక్క కడుతుంది. బీజీపీ వద్ద ఈ పటం ఉండదు. పొరుగు వ్యవస్థ ‘ఫలానా చిరునామాలకు నా ద్వారా వెళ్లవచ్చు, దారిలో ఈ ఈ వ్యవస్థలు తగులుతాయి’ అని చెబుతుంది. అంతవరకే దానికి తెలుస్తుంది. చెప్పిన మాట నిజమో కాదో తేల్చుకునే ఏర్పాటు మూల ప్రోటోకాల్‌లో లేదు.

ఈ లోపానికి రూపకర్తలను నిందించడం తగదు. 1989 జనవరిలో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ సమావేశం సందర్భంగా కిర్క్ లాహీడ్, యాకొవ్ రెఖ్టర్ భోజన సమయంలో కాగితపు రుమాళ్లపై దీని తొలి రూపాన్ని గీశారు. అదే ఏడాది జూన్‌లో అది ఆర్‌ఎఫ్‌సీ 1105గా వెలువడింది. అప్పటి ఇంటర్నెట్ నిర్వాహకులు చాలావరకు ఒకరికొకరు తెలిసినవారే. పెరుగుతున్న నెట్‌వర్క్‌ను నిలబెట్టడమే నాటి తక్షణ అవసరం. మోసం చేసేవారు, పొరపాటు చేసేవారు కూడా ఇందులో చేరతారన్న ఆలోచన అంత ముఖ్యంగా తోచలేదు. నేడు అమలులో ఉన్న నాలుగో వెర్షన్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4271 వెలువడింది 2006 జనవరిలో.

సంభాషణ తీరు

రెండు రూటర్లు బీజీపీలో మాట్లాడుకోవాలంటే ముందుగా వాటి మధ్య టీసీపీ అనుసంధానం 179వ పోర్టుపై ఏర్పడాలి. చాలా ప్రోటోకాల్‌ల మాదిరిగా పొరుగువారిని తనంతట తాను వెతికి పట్టుకునే అలవాటు బీజీపీకి లేదు. ఎదుటి రూటర్ ఐపీ చిరునామా, దాని ఏఎస్ నంబరు నిర్వాహకుడే నమోదు చేయాలి; అవతలి వైపు కూడా అదే పని జరగాలి. ఆపై ‘ఓపెన్’ సందేశంతో పరిచయం, ‘అప్‌డేట్’ సందేశాలతో మార్గాల ప్రకటన లేదా ఉపసంహరణ, ‘కీప్‌అలైవ్’తో ఉనికి చాటుకోవడం, తేడా వస్తే ‘నోటిఫికేషన్’తో తెగతెంపులు. మూల ప్రోటోకాల్‌లోని సందేశాలు ఈ నాలుగే.

కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారిని తరచుగా పొరపాటులో పడేసే చోటు ఒకటుంది. పొరుగు రూటర్ స్థితి ‘యాక్టివ్’ అని తెరపై కనిపించగానే అంతా సవ్యంగా ఉందని సంబరపడేవారు కొందరుంటారు. యాక్టివ్ అంటే టీసీపీ అనుసంధానం కోసం ఇంకా ప్రయత్నం సాగుతోందని, అది కుదరలేదని అర్థం. కావలసిన స్థితి ‘ఎస్టాబ్లిష్డ్’. సిస్కో తరహా రూటర్లలో సారాంశ పట్టిక చూసినప్పుడు స్థితి గడిలో పదానికి బదులు ఒక అంకె కనిపిస్తే అనుసంధానం కుదిరినట్లు. ఆ అంకె పొరుగు నుంచి అందిన మార్గాల సంఖ్య. యాక్టివ్ వద్దే ఆగిపోతే ముందుగా అనుమానించవలసినవి పొరుగు చిరునామా, 179వ పోర్టును అడ్డుకునే ఫైర్‌వాల్, ఆ చిరునామాకు అసలు దారి ఉందా లేదా అన్నది. ఓపెన్ దశ వరకు వచ్చి పదేపదే తెగిపోతుంటే ఏఎస్ నంబరు తప్పుగా నమోదై ఉండవచ్చు. రెండువైపులా పాస్‌వర్డ్ ఒకటే కాకపోతే వ్యవహారం టీసీపీ దశలోనే ఆగిపోతుంది.

పొరుగు మౌనంగా ఉంటే ఎంతసేపు వేచి చూడాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. సిస్కో రూటర్లలో సాధారణంగా 60 సెకన్లకు ఒక కీప్‌అలైవ్ వెళుతుంది. 180 సెకన్ల పాటు ఏమీ అందకపోతే పొరుగు పోయినట్లు లెక్క. లింకు నేరుగా తెగితే రూటర్‌కు వెంటనే తెలుస్తుంది కానీ, మధ్యలో స్విచ్చు ఉండి దాని అవతల తెగితే మూడు నిమిషాల పాటు డేటా శూన్యంలోకి పోతూనే ఉంటుంది. సెకను లోపే లోపాన్ని పసిగట్టే బీఎఫ్‌డీని జోడించడం ఇందుకు మేలైన మార్గం. కీప్‌అలైవ్ గడువును మరీ కుదించి రూటర్ ప్రాసెసర్‌పై భారం మోపడం అంత తెలివైన పని కాదు.

ఏ దారి గెలుస్తుంది

ఒకే గమ్యానికి ఇద్దరు పొరుగులు దారి చెబితే బీజీపీ ఒక వరుస ప్రకారం ఎంపిక చేస్తుంది. ముందుగా లోకల్ ప్రిఫరెన్స్. ఎక్కువ విలువ గల దారి గెలుస్తుంది. అది సమానమైతే తక్కువ వ్యవస్థల గుండా సాగే దారి. ఆపై మరికొన్ని కొలమానాలు. వేగం, జాప్యం, లింకు సామర్థ్యం ఈ వరుసలో ఎక్కడా లేవన్నది గమనార్హం. బీజీపీ ఎన్నిక వెనుక ఉన్నది భౌగోళిక దూరం కన్నా వ్యాపార సంబంధం. తనకు డబ్బు చెల్లించే కస్టమర్ చెప్పిన దారికి అధిక ప్రాధాన్యం, పరస్పరం ఉచితంగా డేటా మార్చుకునే పీరుకు మధ్యస్థం, తాను డబ్బు చెల్లించవలసిన ట్రాన్సిట్ సంస్థకు చివరి స్థానం. నిర్వాహకులు లోకల్ ప్రిఫరెన్స్ విలువలను ఎక్కువగా ఈ లెక్క మీదే అమర్చుతారు. ఒకే నగరంలోని రెండు కార్యాలయాల మధ్య డేటా కొన్నిసార్లు మరో నగరం మీదుగానో, మరో దేశం మీదుగానో వెళ్లి రావడానికి కారణం ఇదే.

అయితే ఈ వరుస అంతటికీ పైన మరో నియమం ఉంది. డేటాను ముందుకు పంపేటప్పుడు రూటర్ ఎప్పుడూ అత్యంత నిర్దిష్టమైన మార్గాన్నే ఎంచుకుంటుంది. 1,024 చిరునామాలు గల /22 ప్రిఫిక్స్ ఒకవైపు, అందులోని 256 చిరునామాలకు /24 ప్రిఫిక్స్ మరోవైపు ఉంటే, ఆ 256 చిరునామాల విషయంలో /24 గెలుస్తుంది. లోకల్ ప్రిఫరెన్స్ ఎంత ఎక్కువైనా, దారి ఎంత పొట్టిదైనా ఫలితం మారదు. జిల్లా పేరు రాసిన ఉత్తరం కన్నా వీధి పేరు రాసిన ఉత్తరం సూటిగా చేరినట్లు.

యూట్యూబ్ ఉదంతంలో జరిగింది అక్షరాలా ఇదే. ఆ సంస్థ 208.65.152.0/22 అనే ప్రిఫిక్స్‌ను ప్రకటిస్తూ ఉండేది. పాకిస్థాన్ టెలికాం అందులోని 208.65.153.0/24ను ప్రకటించింది. భారత కాలమానం ప్రకారం అప్పటికి రాత్రి 12 గంటల 17 నిమిషాలు, తేదీ 25కు మారింది. దాని అప్‌స్ట్రీమ్ సంస్థ పీసీసీడబ్ల్యూ ఆ ప్రకటనను వడపోయకుండా ప్రపంచానికి పంపింది. గంటా 20 నిమిషాల తర్వాత యూట్యూబ్ కూడా అదే /24ను ప్రకటించింది. అప్పుడు నిర్దిష్టత సమానమై, దారి నిడివి నిర్ణాయకమైంది. కొన్ని నెట్‌వర్క్‌లు యూట్యూబ్ వైపు తిరిగాయి, మరికొన్ని తిరగలేదు. మరో 11 నిమిషాలకు ఇంకా నిర్దిష్టమైన రెండు /25 ప్రిఫిక్స్‌లను ప్రకటించింది. కానీ /24 కన్నా చిన్న ప్రకటనలను చాలా నెట్‌వర్క్‌లు స్వీకరించవు కనుక ఆ ఉపాయం ప్రభావం పరిమితమే. చివరకు తెల్లవారుజామున 2 గంటల 31 నిమిషాలకు పీసీసీడబ్ల్యూ ఆ మార్గాలను ఉపసంహరించుకుంది. బాధితుడు చేయగలిగింది కొంతే. అసలు తాళంచెవి తప్పు ప్రకటనను మోసిన అప్‌స్ట్రీమ్ చేతిలో ఉంది. ఈ ఒక్క విషయం గ్రహిస్తే బీజీపీ భద్రతలో సగం అర్థమైనట్లే.

పొరపాట్ల పరంపర

ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. 1997 ఏప్రిల్ 25న అమెరికాలో ఏఎస్ 7007 అనే చిన్న సంస్థ రూటర్ ఇంటర్నెట్‌లోని పెద్ద భాగానికి తానే మూలమని చాటుకుని గందరగోళం సృష్టించింది. ఆ రూటర్‌ను విడదీసిన తర్వాత కూడా తప్పుడు మార్గాలు కొంతసేపు ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉన్నాయి. మన దేశంలో 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియాకు చెందిన ఏఎస్ 55410 తనవి కాని 30 వేలకు పైగా ప్రిఫిక్స్‌లకు మూలం తానేనని కొన్ని నిమిషాల పాటు ప్రకటించింది. ప్రపంచం నలుమూలల నుంచి అవాంఛిత డేటా దాని నెట్‌వర్క్‌పైకి ముంచుకొచ్చింది.

మరో రకం తప్పిదం ఇంతకన్నా సూక్ష్మమైనది. అందులో ఎవరూ చిరునామాలు తమవని చెప్పరు. ఒకరి నుంచి విన్న దారిని చెప్పకూడని మరొకరికి చెబుతారు. దీనిని మార్గాల లీకు అంటారు. రెండు ట్రాన్సిట్ సంస్థల నుంచి ఇంటర్నెట్ తీసుకునే ఒక కంపెనీ, మొదటి సంస్థ చెప్పిన దారులను రెండో సంస్థకు వినిపిస్తే, ఆ రెండింటి మధ్య ప్రపంచ డేటాను తన సన్నని లింకుపై మోయడానికి సిద్ధపడినట్లవుతుంది. 2019 జూన్ 24న జరిగింది ఇదే. పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ప్రొవైడర్ తన అంతర్గత అవసరం కోసం మార్గాలను కృత్రిమంగా ముక్కలు చేసే సాఫ్ట్‌వేర్ వాడింది. ఆ ముక్కలు దాని కస్టమరైన లోహ ఉత్పత్తి సంస్థకు చేరాయి. అక్కడి నుంచి దిగ్గజ సంస్థ వెరిజాన్‌కు చేరి ప్రపంచమంతటా వ్యాపించాయి. క్లౌడ్‌ఫ్లేర్ సహా అనేక సేవలు స్తంభించాయి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్లు ముగ్గురికీ ఇందులో వాటా ఉంది కానీ, ఒక కస్టమర్ నుంచి రావలసిన నాలుగైదు మార్గాల స్థానంలో వేల మార్గాలు వస్తున్నా కళ్లు మూసుకుని స్వీకరించిన పెద్ద సంస్థ బాధ్యతే ఎక్కువ.

నిర్వాహకుడి చేతిలోని అస్త్రాలు

మొట్టమొదటిది వడపోత. బయటకు ఏం చెబుతున్నాం, లోపలికి ఏం వింటున్నాం అన్న రెండింటికీ స్పష్టమైన జాబితా ఉండాలి. కస్టమర్‌గా ఉన్న సంస్థ తనకు కేటాయించిన ప్రిఫిక్స్‌లను తప్ప మరేదీ బయటకు పంపకూడదు; ఆ ఒక్క నియమం పాటించి ఉంటే పైన చెప్పిన ఉదంతాల్లో చాలావరకు జరిగేవే కావు. ప్రొవైడర్ స్థానంలో ఉన్నవారు ప్రతి కస్టమర్‌కూ అనుమతించిన ప్రిఫిక్స్‌ల జాబితాతో పాటు గరిష్ఠ మార్గాల సంఖ్యనూ విధించాలి. ఐదు మార్గాలు పంపే కస్టమర్‌కు 20 పరిమితి పెడితే, పొరపాటున ఐదు వేలు పంపిన నాడు అనుసంధానమే తెగిపోతుంది. కస్టమర్ నుంచి ఫోను వస్తుంది, కొంత మాట పడవలసి వస్తుంది. ఒక దేశమంతా నిలిచిపోవడం కన్నా అది ఎంతో నయం. నిర్దిష్ట విధానం రాయకపోతే బయటి పొరుగుతో ఏ మార్గమూ ఇచ్చిపుచ్చుకోకూడదని 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 నిర్దేశించింది. అయితే పాత రూటర్లు, పాత సాఫ్ట్‌వేర్ అలా ప్రవర్తించవు. విధానం రాయకపోతే అన్నీ విని అన్నీ చెప్పేస్తాయి. తమ పరికరం ఏ కోవకు చెందిందో ప్రయోగశాలలోనే తేల్చుకోవాలి.

రెండవది ఆర్‌పీకేఐ. చిరునామాల యజమాని తన ప్రిఫిక్స్‌ను ఏ ఏఎస్ ప్రకటించవచ్చో, ఎంత నిర్దిష్టత వరకు ప్రకటించవచ్చో తెలిపే డిజిటల్ సంతకంతో కూడిన పత్రాన్ని రిజిస్ట్రీ ద్వారా ప్రచురిస్తాడు. ఆ పత్రాన్ని రోవా అంటారు. దీనిని పొలం పట్టాదారు పాసుపుస్తకంతో పోల్చవచ్చు. రూటర్ తనకు అందిన ప్రకటనను రోవాలతో సరిచూసి ‘చెల్లుతుంది’, ‘చెల్లదు’, ‘పత్రం లేదు’ అని మూడు రకాలుగా తేలుస్తుంది. చెల్లని వాటిని తోసిపుచ్చడం నిర్వాహకుడు ఎంచుకోవలసిన విధానం. 2008లో యూట్యూబ్ /22కు ఇలాంటి పత్రం ఉండి, పీసీసీడబ్ల్యూ దానిని సరిచూసి ఉంటే ఆ /24 ప్రకటన గడప దాటేది కాదు.

పత్రం రాసేటప్పుడు ఒక చిక్కు ఉంది. నిజంగా ప్రకటించేది /22 మాత్రమే అయినా, ఎప్పటికైనా పనికివస్తుందని గరిష్ఠ నిర్దిష్టతను /24 వరకు అనుమతించేవారు ఉన్నారు. అప్పుడు దుర్బుద్ధి గలవాడు అసలు యజమాని ఏఎస్ నంబరును దారి చివర అతికించి /24ను ప్రకటిస్తే, అది రోవా ప్రకారం చెల్లుబాటే అవుతుంది, పైగా నిర్దిష్టత వల్ల గెలుస్తుంది కూడా. కనుక ప్రకటిస్తున్న నిడివికి మించి అనుమతి ఇవ్వరాదు. మరొక పరిమితి: రోవా మూలాన్ని మాత్రమే ధ్రువీకరిస్తుంది, మధ్య దారిని కాదు. మార్గాల లీకులో మూలం సరైనదే ఉంటుంది కనుక చాలా సందర్భాల్లో రోవాకు అది చిక్కదు. ఇందుకోసం 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9234 ద్వారా పొరుగుల మధ్య కస్టమర్, ప్రొవైడర్, పీర్ అనే పాత్రలను ముందే ప్రకటించుకునే విధానం వచ్చింది. అది ఇంకా అన్ని పరికరాలకూ విస్తరించవలసి ఉంది.

తన ఇంటి తాళం తనకే

బీజీపీ ప్రమాదం ఎప్పుడూ పొరుగు నుంచే వస్తుందనుకుంటే పొరపాటు. 2021 అక్టోబరు 4న భారత కాలమానం ప్రకారం రాత్రి 9 గంటల తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఒక్కసారిగా మూగబోయి, దాదాపు ఆరు గంటల పాటు కోలుకోలేదు. తమ ప్రధాన నెట్‌వర్క్ సామర్థ్యాన్ని అంచనా వేసేందుకు ఇచ్చిన ఒక ఆదేశం డేటా సెంటర్ల మధ్య అనుసంధానాలన్నిటినీ తెంచేసిందని ఆ సంస్థ వెల్లడించింది. అలాంటి ఆదేశాలను ముందే పట్టుకోవలసిన తనిఖీ సాధనంలోనూ లోపం ఉంది. డేటా సెంటర్లు అందకపోతే తమ బీజీపీ ప్రకటనలను ఉపసంహరించుకునేలా డీఎన్‌ఎస్ సర్వర్లను ముందే అమర్చి ఉంచారు. ఆరోగ్యంగా లేని సర్వర్ పక్కకు తప్పుకోవడం మంచి ఏర్పాటే. కానీ ఆ రాత్రి అన్నీ ఒకేసారి తప్పుకున్నాయి. డీఎన్‌ఎస్ లేక పేర్లు చిరునామాలుగా మారలేదు. దూరం నుంచి రూటర్లను సరిచేసే సాధనాలు కూడా అదే నెట్‌వర్క్‌పై ఆధారపడి ఉండటంతో అవీ పనిచేయలేదు. ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లవలసి వచ్చింది. అక్కడి కట్టుదిట్టమైన భద్రత కారణంగా లోపలికి ప్రవేశించి పరికరాలను చేరడానికీ సమయం పట్టింది.

అందుకే రూటర్‌ను చేరడానికి ప్రధాన నెట్‌వర్క్‌తో సంబంధం లేని మరో దారి తప్పనిసరి. చిన్న సంస్థలకు ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. వేరే ప్రొవైడర్ మొబైల్ సిమ్‌తో నడిచే కన్సోల్ సర్వర్ ఒకటి చాలు. అది పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడు పరీక్షించి చూడాలి. రీఛార్జి అయిపోయిన సిమ్ ఆపద వేళ అక్కరకు రాదు.

మన దేశంలో పనిచేసేవారికి చట్టపరమైన కోణమూ ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశించిన సైబర్ ఘటనలను గమనించిన ఆరు గంటల్లో నివేదించాలి. లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి. పరికరాల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, నేషనల్ ఫిజికల్ లాబొరేటరీల కాలమానంతో అనుసంధానించాలి. గడియారం సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. ఒక రూటర్ భారత కాలమానంలోనూ, మరొకటి యూటీసీలోనూ లాగ్ రాస్తుంటే, ఏ ప్రకటన ముందు వచ్చిందో ఏది తర్వాత వచ్చిందో తేల్చడానికే ఆరు గంటల్లో ఒక గంట కరిగిపోతుంది.

ఇక మార్పు చేసే వేళ పాటించవలసిన పాత అలవాటు ఒకటి నేటికీ ఎంతో విలువైనది. జూనిపర్ రూటర్లలో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అనే ఆదేశంతో మార్పును అమలు చేస్తే, పది నిమిషాల్లోగా నిర్వాహకుడు మళ్లీ ధ్రువీకరించని పక్షంలో రూటర్ పాత అమరికకు తనంతట తాను తిరిగి వెళుతుంది. సిస్కో రూటర్లలో మార్పుకు ముందే ‘రీలోడ్ ఇన్’ ఆదేశంతో కొన్ని నిమిషాల తర్వాత పునఃప్రారంభమయ్యేలా గడువు పెట్టి, అంతా సవ్యంగా ఉంటే ఆ గడువును రద్దు చేస్తారు. ఈలోగా కొత్త అమరికను శాశ్వత మెమరీలో భద్రపరచకూడదు. భద్రపరిస్తే రూటర్ మళ్లీ లేచేది ఆ తప్పుతోనే.